హవల్దార్ గారి డిజెబిలిటీ పెన్షన్: బీపీ కంటే ముందు మోకాలు చూడండి

ప్రశ్న: మాది అల్వాల్. మావారు ఆర్మీలో 24 ఏళ్లు చేసి 2023 జూన్ 30న హవల్దార్‌గా రిటైరయ్యారు. వచ్చేముందు మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం, కుడి మోకాలికి 20 శాతం, రెండూ కలిపి 40 శాతం అని రాసింది. కానీ రెండూ సర్వీసుతో సంబంధం లేనివని చెప్పి డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని లెటర్లో ఉంది, మావారేమో దాన్ని బీరువాలో పెట్టేశారు. రెండేళ్లు దాటిపోయింది. మోకాలు యూనిట్ వాలీబాల్ మ్యాచ్‌లో దెబ్బతింది. బీపీ మాత్రం సర్వీసు టెన్షన్ వల్లే వచ్చింది, దాన్ని ఎలా నిరూపించాలి? ఒకాయన, వచ్చిన డబ్బులో 30 శాతం ఇస్తే మొత్తం చేసిపెడతానంటున్నాడు. ఇంకా ఆశ ఉందా?

సమాధానం:

ఆశ ఉందమ్మా, గట్టిగానే ఉంది. నేను ఆర్మీలో క్లర్కుగా చేరి సుబేదార్‌గా బయటికొచ్చాను. ఉద్యోగమంతా ఇలాంటి ఫైళ్ల మధ్యే గడిచింది. ఇప్పుడు సైనిక్‌పురి, యాప్రాల్ వైపు మనవాళ్లకు అప్పీళ్లు రాసిపెడుతుంటాను. కాబట్టి ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. కాకపోతే మీరు పట్టుకున్న కొస వేరు, లాగాల్సిన కొస వేరు. మీ ప్రశ్నంతా బీపీ చుట్టూ తిరిగింది. మోకాలి సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం మీ కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే కనిపిస్తోంది.

ఎందుకో లెక్కతో చెప్తాను. మీవారు కాలపరిమితి పూర్తిచేసుకుని వచ్చారు కాబట్టి సర్వీసు పెన్షన్ ఎలాగూ వస్తోంది. ఇప్పుడు మనం అడిగేది దానిపైన వచ్చే డిజెబిలిటీ ఎలిమెంట్. అది రావాలంటే ఆ జబ్బు లేదా దెబ్బ సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదంటే సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. శాతం 20కి తగ్గకూడదు. నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆఖరి జీతమంటే బేసిక్, మిలిటరీ సర్వీస్ పే, గ్రూప్ పే ఉంటే అదీ కలిపి. లెక్క సులువుగా ఉండటానికి అది 48,000 అనుకుందాం. వంద శాతానికి 14,400 వస్తుంది. 40 శాతానికి 5,760. 20 శాతానికి 2,880. వీటిపైన డియర్‌నెస్ రిలీఫ్ అదనం.

ఇక్కడే బ్రాడ్ బ్యాండింగ్ అనేది వచ్చి పడుతుంది. మనవాళ్లు రౌండింగ్ ఆఫ్ అంటారు. 50 లోపు ఎంతున్నా 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆ పైన 100గా లెక్కేస్తారు. 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నా, మొదట్లో మెడికల్ కారణాలతో మధ్యలోనే ఇంటికి పంపేసినవాళ్లకే ఇచ్చేవారు. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు, కాలం పూర్తిచేసుకుని వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుందని తేల్చేసింది. ఇప్పుడు మీ కేసు చూడండి. బీపీ, మోకాలు రెండూ గెలిస్తే 40 శాతం, అది 50 అవుతుంది. మోకాలు ఒక్కటే గెలిస్తే 20 శాతం, అదీ 50 అవుతుంది. ఎలా చూసినా చేతికొచ్చేది 7,200. మరి తేలిగ్గా నిరూపించగలిగే మోకాలిని పక్కనపెట్టి, డాక్టర్లూ లాయర్లూ ఏళ్ల తరబడి వాదించుకునే బీపీని నెత్తికెత్తుకోవడం దేనికి? బీపీని వదిలేయమనడం లేదు. అప్పీలులో రెండో అంశంగా ఉండనివ్వండి. ఒకవేళ మోకాలు ఓడి బీపీ గెలిచినా 30 కాస్తా 50 అవుతుంది కదా.

ఇక వాలీబాల్. ఆటాడుతూ కాలు విరగ్గొట్టుకుంటే అది డ్యూటీ ఎలా అవుతుందని మీవారికే అనుమానం ఉండి ఉంటుంది. చాలామంది జవాన్లు ఇలాగే అనుకుని నోరు మూసుకుంటారు. నియమాల్లో స్పష్టంగా ఉంది: అధికారులు ఏర్పాటుచేసిన లేదా అనుమతించిన ఆటల్లో, యూనిట్ కార్యక్రమాల్లో పాల్గొంటున్న సమయం డ్యూటీ కిందే లెక్క. పొద్దున పీటీ అంతే. సెలవు మీద యూనిట్ నుంచి ఇంటికి నేరుగా చేసే ప్రయాణం కూడా అంతే. అదే సెలవులో ఇంటి దగ్గర మెట్ల మీంచి జారిపడితే మాత్రం సర్వీసుతో సంబంధం చూపించడం చాలా కష్టం. అలాంటివి కోర్టుల్లో కూడా ఓడిపోయాయి. కాబట్టి మీవారిని ముందు అడగాల్సింది ఇదీ: అది ఇంటర్ కంపెనీ మ్యాచో, యూనిట్ రెగ్యులర్ గేమ్స్ పీరియడో, లేక ఆదివారం సాయంత్రం నలుగురు ఫ్రెండ్స్ సరదాగా ఆడుకున్నదో. మొదటి రెండిట్లో ఏదైనా అయితే మీకు దారి సాఫీగా ఉంది.

మరి బోర్డు ఎందుకు కాదంది? కాగితం చూడకుండా నేను ఖాయంగా అనలేను గానీ, ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించే కారణం ఒకటే. రిలీజ్ మెడికల్ బోర్డు రాసే ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. అందులో పార్ట్-5 అని ఉంటుంది, బోర్డు అభిప్రాయం అక్కడే రాస్తారు. ఒక్కో జబ్బు ఎదురుగా గడులుంటాయి: సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సంబంధం లేదా. అవును, కాదు అని టైపు చేసి, చివరి గడిలో కారణం ఒకటి రెండు లైన్లలో రాస్తారు. మోకాలి లాంటి దెబ్బల ఎదురుగా ఆ గడిలో చాలాసార్లు ఉండేది ‘ఇంజురీ రిపోర్ట్ నాట్ అవైలబుల్’. అంతే సంగతి. దెబ్బ అబద్ధమని బోర్డు అనలేదు. ఫైల్లో కాగితం లేదు కాబట్టి కాదని రాసేసింది. ఇంకో పేజీలో ‘కాంపోజిట్ 40 శాతం’ అని ఉండి, దాని పక్కనే ‘నెట్ అసెస్‌మెంట్ నిల్’ అని ఉంటుంది. అది చూసి మనకి శాతమే ఇవ్వలేదని ఏడ్చినవాళ్లని చూశాను. శాతం ఉంది. సంబంధం లేదన్నారు కాబట్టి చెల్లించాల్సింది సున్నా అని దాని అర్థం.

ఇంజురీ రిపోర్ట్ అంటే ఐఏఎఫ్‌వై-2006 ఫారం. దెబ్బ తగిలినప్పుడు యూనిట్‌లో నింపుతారు. డాక్టర్ ఒక భాగం, కమాండింగ్ ఆఫీసర్ ఒక భాగం. ఆ సమయంలో మనిషి డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నది ఆఫీసర్ అందులోనే సంతకం పెట్టి చెప్పాలి. ఈ ఒక్క కాగితం దొరికితే మీ పని ముప్పాతిక అయిపోయినట్టే. దొరక్కపోయినా కంగారు వద్దు. మోకాలు దెబ్బతిన్నాక మీవారు మిలిటరీ హాస్పిటల్‌లో చేరి ఉంటారు, ఆ డిశ్చార్జ్ స్లిప్‌లో దెబ్బ ఎలా తగిలిందో డాక్టర్ ఒక లైను రాస్తాడు. ఆ తర్వాత లో మెడికల్ కేటగిరీలోకి మార్చి ఉంటారు. ఆర్మీలో ఫిట్‌నెస్‌ని కొలిచే షేప్ కేటగిరీలో ఏ అనే అక్షరం చేతులకూ కాళ్లకూ, పీ అనేది బీపీ లాంటి ఒంట్లో జబ్బులకూ. కాబట్టి మోకాలికి వేరుగా ఏ-2 గానీ ఏ-3 గానీ వచ్చి ఉండాలి. ఆ కేటగిరీ ఇచ్చినప్పుడు, తర్వాత రివ్యూ చేసినప్పుడల్లా ఒక బోర్డు జరిగి ఉంటుంది, దాని ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15. మొదటి బోర్డు కాగితం సంపాదించండి. దెబ్బ తాజాగా ఉన్నప్పుడు, ఇంజురీ రిపోర్టు ఎదురుగా పెట్టుకుని రాసిన మొదటి బోర్డు ‘సర్వీసు వల్లే’ అని రాయడం, ఏళ్ల తర్వాత రిలీజ్ బోర్డు అదే దెబ్బని ‘సంబంధం లేదు’ అనడం, ఈ రెండూ ఒకే ఫైల్లో ఉండే సందర్భాలు తక్కువేం కాదు. అలా దొరికితే అప్పీలులో పెద్దగా వాదించే పనే ఉండదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు.

వీటితోపాటు ఆ రోజు మ్యాచ్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు సహోద్యోగుల చేత నోటరీ అఫిడవిట్లు తీసుకోండి. ‘మంచి మనిషి, నిజాయితీగా చేశాడు’ అని రాయించకండి. ఏ యూనిట్, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ మ్యాచ్, ఎలా పడ్డాడు, ఎవరు మోసుకెళ్లారు, ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, ఇంతే ఉండాలి. బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపులు ఇప్పుడు అందరికీ ఉన్నాయి, మనుషుల్ని వెతకడం పెద్ద కష్టం కాదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయన్నది మన ఊళ్లో అందరినీ తిప్పలు పెట్టే ప్రశ్న. ట్రైనింగ్ ఎక్కడ చేశారో ఫైలు అక్కడే ఉంటుందనుకుంటారు. ఆర్టిలరీవాళ్లు గోల్కొండలో ట్రైనింగ్ చేసినా వాళ్ల రికార్డ్స్ ఆఫీసు నాసిక్ రోడ్ క్యాంప్‌లో ఉంది. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్‌వాళ్లు అదృష్టవంతులు, వాళ్ల రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే. మీవారిది ఏ కోర్ అయితే ఆ రికార్డ్స్‌కే రాయాలి. డిశ్చార్జ్ బుక్‌లోనూ, పెన్షన్ ఆర్డర్ అయిన పీపీఓలోనూ చూస్తే తెలిసిపోతుంది. ఆర్టీఐ దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డర్, డిశ్చార్జ్ బుక్ మొదటి పేజీల జిరాక్స్. అడగాల్సినవి పేరుపేరునా రాయండి: ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 పూర్తి కాపీ, అన్ని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు, ఐఏఎఫ్‌వై-2006, హాస్పిటల్ అడ్మిషన్‌కి సంబంధించిన పార్ట్-2 ఆర్డర్లు (మనిషి వివరాల్లో మార్పుల్ని యూనిట్ నమోదుచేసే ఆర్డర్లు), పోస్టింగుల వివరం. ‘నా ఫైలు మొత్తం ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సంతకం మాత్రం మీవారిదే ఉండాలమ్మా. భార్య అడిగినా అది మూడో మనిషి సమాచారం కిందికొస్తుందని తిప్పి పంపేస్తారు. బీరువాలో పెట్టేసిన మనిషి చేత సంతకం పెట్టించడం ఎలాగన్నది నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

బీపీ సంగతి. మీవారు భర్తీ అయినప్పుడు పూర్తి ఫిట్, బీపీ మధ్యలో వచ్చింది. బోర్డు సాధారణంగా రాసే కారణం ‘పీస్ స్టేషన్‌లో ఉండగా మొదలైంది’ అని, అంటే సరిహద్దుకీ ఆపరేషన్లకీ దూరంగా ఉండే మామూలు పోస్టింగులో. మిలిటరీ డాక్టర్ల గైడ్‌లో 43వ పేరా అని ఒకటుంది, బీపీని ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, కౌంటర్ ఇన్సర్జెన్సీ డ్యూటీలతో ముడిపెట్టేది అదే. అందుకే పోస్టింగుల వివరం కావాలన్నాను. బీపీ బయటపడిన తేదీకి ముందు ఏడాది రెండేళ్లు మీవారు ఎక్కడున్నారో చూడండి. కశ్మీర్‌లోనో, రాష్ట్రీయ రైఫిల్స్‌తోనో చేసి వచ్చాక కొత్త చోట కొద్ది నెలల్లోనే బీపీ బయటపడితే ఆ మాట తేదీలతో సహా రాయాలి. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే అది సర్వీసువల్లే వచ్చిందని భావించాలి, కాదని చూపించాల్సింది అవతలివాళ్లే అంది. అది 1982 నాటి పెన్షన్ అర్హత నియమాల మీద వచ్చిన తీర్పు. మీవారికి వర్తించే 2008 నియమాల్లో భాష మారింది. అయినా 2025లో ఢిల్లీ హైకోర్టు ఒక డయాబెటిస్ కేసులో, పీస్ స్టేషన్‌లో మొదలైందన్న ఒక్క మాట సరిపోదు, బోర్డు సరైన కారణం చూపాలి అంది. అదే ఏడాది మేలో రాజుమోన్ కేసులో సుప్రీంకోర్టు కూడా కారణం రాయని బోర్డు అభిప్రాయంతో పెన్షన్ ఎగ్గొట్టకూడదంది. ఇంత ఉన్నా ఇది వాదనే, మోకాలికి ఉన్నట్టు రుజువు కాదు.

ఒక హెచ్చరిక. మీ పక్కింట్లో 2023 సెప్టెంబర్ 21 తర్వాత రిటైరైనవాళ్లుంటే మీ అప్పీలు వాళ్లకు కాపీ కొట్టడానికి ఇవ్వకండి. ఆ తేదీ నుంచి కొత్త నియమాలు, డాక్టర్లకు కొత్త గైడ్ వచ్చాయి. వాళ్ల లెక్క వేరు.

ఆరు నెలలు దాటింది కదా అన్న భయం. మొదటి అప్పీలు ఇప్పుడు కూడా వేయండి, రికార్డ్స్ ద్వారానే వెళ్తుంది. మొదటి పేరాలోనే ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాయండి: నియమాలు తెలియలేదు, బోర్డు కాగితాలు చేతిలో లేవు, ఆర్టీఐలో తెప్పించుకున్నాకే అర్థమైంది. కథలల్లొద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ట్రాకింగ్ కాపీ దాచుకోండి. తిరస్కరిస్తే రెండో అప్పీలు ఉంది. ఆరు నెలల్లో జవాబే రాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్‌కి వెళ్లే దారి తెరుచుకుంటుంది. తెలంగాణ చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. ప్రతి వాయిదాకీ మీవారు రైలెక్కాల్సిన పనిలేదు, వకీలు చూసుకుంటాడు.

కాలం విషయంలో అసలు భయపడాల్సింది బకాయిల గురించి. పెన్షన్ నెలనెలా ఆగుతున్న హక్కు కాబట్టి ఆలస్యమైనా కేసు కొట్టేయరు గానీ, 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బకాయిలను పిటిషన్ వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే పరిమితం చేసింది. మీవారికి 2023 జూలై 1 నుంచి రావాలి. ఆ తీర్పు లెక్కన 2026 జూన్ ఆఖరులోపు ట్రైబ్యునల్‌లో పిటిషన్ పడితే పూర్తి బకాయి అడగొచ్చు. ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి నెలకూ వెనకనుంచి ఒక నెల డబ్బు కరిగిపోవచ్చు. అందుకే ఆర్టీఐ జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. ఉన్న కాగితాలతో అప్పీలు ఈ వారమే పంపేయండి, మిగతావి వచ్చాక అనుబంధంగా పంపొచ్చు.

30 శాతం అడుగుతున్న ఆయన గురించి. వకీలే అయితే, గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. వకీలు కాకపోతే ట్రైబ్యునల్‌లో ఆయన చేయగలిగేది ఏమీ లేదు, ఇంకో వకీలుకి అప్పగించి మధ్యలో తింటాడు. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, రసీదు తీసుకుని నడిపే వకీళ్లు సికింద్రాబాద్‌లోనూ చెన్నైలోనూ ఉన్నారు. బకాయిలు రెండు మూడు లక్షలు ఒకేసారి పడే కేసుల్లో ఈ వాటాగాళ్లు ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు, స్పర్శ్ (డిఫెన్స్ పెన్షన్ పోర్టల్) లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ అడుగుతారు. మీ ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే. మొదటి అప్పీలుకి అసలు వకీలు అక్కర్లేదు. మీ ప్రాంత సైనిక్ సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఫార్మాట్ చూపిస్తారు.

సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని అవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది రాష్ట్ర ప్రభుత్వ పథకాలకు. ఆర్మీ పెన్షన్‌కి మిలిటరీ బోర్డు మాటే చెల్లుతుంది. మోకాలు ముందుకంటే పాడైందని అనిపిస్తే మళ్లీ అసెస్ చేయమని మీవారే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ చీటీలు, ఎమ్మారైలు పనికొస్తాయి. కానీ అది రెండో మెట్టు. ముందు సంబంధం ఉందని ఒప్పించాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉంటుందని కూడా కొందరు చెప్తారు. 2019 సర్క్యులర్ ప్రకారం అది మెడికల్‌గా పంపేసినవాళ్లకే, ఆ విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రిటర్న్‌లో చూపించేముందు సీఏని అడగండి.

పనిలో పనిగా స్పర్శ్‌లో మీ పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండమ్మా. రికార్డుల్లో పెళ్లికి ముందు ఇంటిపేరు పొడి అక్షరంతో, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఇంకోలా. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మామూలే. ఇప్పుడైతే మీవారు సంతకం పెట్టి సరిచేయించవచ్చు, పార్ట్-2 ఆర్డర్‌తో అయిపోతుంది. రేపు ఆయనకేదైనా అయితే ఫ్యామిలీ పెన్షన్‌కీ, ఈ కేసులో ఆ రోజువరకూ రావాల్సిన బకాయికీ మీరే హక్కుదారు. అప్పుడు ఒక్క అక్షరం తేడాకి నెలలు పడుతుంది.

బోర్డు కాపీ చేతికొచ్చాక పార్ట్-5లో మోకాలి ఎదురుగా కారణం గడిలో ఏం రాశారో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి. పేరు, ఆర్మీ నంబరు వద్దు. అది చూస్తే అప్పీలులో మొదటి వాక్యం ఎలా ఉండాలో చెప్తాను.